న్యూట్రానులను కొలిచిన మేధావి: ఎన్రికో ఫెర్మి

భౌతికశాస్త్రజ్ఞులలో సామాన్యముగా రెండు తెగలవారు కనిపింతురు. కాగితము, కలము చేతబట్టి ప్రకృతి సూత్రములను గణితముతో ఊహించువారు కొందరు. ప్రయోగశాలలో పరికరముల నడుమ కూర్చుండి ఆ ఊహలలోని నిజానిజములను తేల్చువారు మరికొందరు. ఒక తెగవారి విద్య రెండవ తెగవారికి పట్టుబడుట అరుదు. ఈ రెంటియందును సమానమైన ప్రజ్ఞ చూపిన వారిలో అగ్రగణ్యుడు ఇటలీ దేశమున పుట్టి అమెరికాలో కన్నుమూసిన ఎన్రికో ఫెర్మి. పరమాణు కేంద్రకము న్యూట్రానును ఎట్లు పట్టుకొనును, ఎంతగా పట్టుకొనును అను ప్రశ్న ఆయన జీవితములోని చివరి ఇరువది సంవత్సరములను నడిపించెను. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమే ఒకవైపు విద్యుచ్ఛక్తిని, మరియొకవైపు మహావినాశమును లోకమునకు తెచ్చిపెట్టినది.

ఫెర్మి 1901 సెప్టెంబరు 29వ తేదీన రోము నగరమున జన్మించెను. తండ్రి ఆల్బెర్తో రైల్వే శాఖలో ఉద్యోగి. తల్లి ఇదా పాఠశాలలో ఉపాధ్యాయిని. ఎన్రికోకు ఒక అక్క, ఒక అన్న. అన్న జూలియోకు ఎన్రికోకంటె ఒక్క యేడే పెద్ద వయస్సు. అన్నదమ్ములిద్దరును విద్యుత్ మోటార్లు తయారుచేయుచు, బొమ్మవిమానములకు పటములు గీయుచు ఒకరినొకరు విడువక పెరిగిరి. 1915లో జూలియో గొంతులో లేచిన కురుపునకు చిన్న శస్త్రచికిత్స చేయించుటకై ఆసుపత్రికి పోయి, మరల ఇల్లు చేరలేదు. తల్లి దుఃఖమునకు అంతు లేకపోయెను. పదమూడేండ్ల ఎన్రికో కంటతడి ఇతరులకు కనబడనీయక పుస్తకములలో తల దాచుకొనెను.

రోములోని కాంపో దే ఫియోరి అను అంగడివీథిలో పాతపుస్తకములు అమ్ముచుండిరి. అక్కడ ఆ బాలునకు ఒక జెస్యూట్ మతాచార్యుడు 1840 ప్రాంతమున రచించిన భౌతికశాస్త్ర గ్రంథము రెండు సంపుటములు దొరకెను. అది లాటిన్ భాషలో ఉండెను. గ్రహముల గమనము, కెరటముల నడక వర్ణించు ఆ పుస్తకమును అతడు మొదటినుండి తుదివరకు చదివి, అది లాటిన్‌లో ఉన్నదన్న సంగతియే గమనింపలేదని అక్కతో చెప్పెనట. తండ్రితో పనిచేయు అమిదెయి అను ఇంజనీరు ఈ బాలుని గణితాసక్తిని కనిపెట్టెను. ఆయన ఒక పుస్తకము పూర్తియైన పిమ్మట మరియొకటిగా, వరుస తప్పకుండ ఎన్నుకొని తెచ్చి ఇచ్చుచుండెను. రేఖాగణితము, త్రికోణమితి, కలన గణితము, యంత్రశాస్త్రము ఆ వరుసలో వచ్చినవి. ఈ అజ్ఞాత గురువు ప్రోత్సాహముననే ఫెర్మి 1918లో పీసా నగరములోని ఉన్నత విద్యాలయ ప్రవేశపరీక్షకు కూర్చుండెను. ధ్వనుల లక్షణములను గూర్చి వ్రాయుమన్న ప్రశ్నకు పదునేడేండ్ల విద్యార్థి పరిశోధకులు వ్రాయదగిన సమాధానము వ్రాయగా పరీక్షకుడు ఆశ్చర్యపడెను.

1922లో పట్టము పొందిన తరువాత ఫెర్మి జర్మనీలో మాక్స్ బోర్న్ వద్దను, హాలెండులో ఏరెన్‌ఫెస్ట్ వద్దను కొంతకాలము గడపెను. 1926లో ఆయన ప్రకటించిన గణనశాస్త్ర విధానము ఆయనకు లోకఖ్యాతి తెచ్చెను. ఎలక్ట్రానువంటి కణములు రెండు ఒకే స్థితిలో ఉండజాలవన్న నియమము దానికి పునాది. అంతకు రెండేండ్లకు పూర్వమే మన దేశమున సత్యేంద్రనాథ బోసు వేరొక జాతి కణములకు అన్వయించు విధానమును కనుగొనియుండెను. కావుననే నేడు విశ్వములోని కణములన్నియు ఫెర్మియానులు, బోసానులు అను రెండు కులములుగా విభజింపబడుచున్నవి. ఆ సంవత్సరముననే రోము విశ్వవిద్యాలయమున ఫెర్మికి ఆచార్యపదవి లభించెను. భౌతికశాస్త్ర సంస్థకు అధిపతియైన కోర్బీనో ఇటలీలో విజ్ఞానమును పునరుద్ధరింపవలెనను పట్టుదలతో యువకులను చేరదీసెను. రసెత్తీ, సెగ్రే, అమాల్దీ, పోంతెకోర్వో మున్నగువారు పనిస్పెర్నా వీథిలోని ఆ భవనమున చేరిరి. ఫెర్మి మాట తప్పదను నమ్మకముతో వారు ఆయనకు పోపు అని ముద్దుపేరు పెట్టిరి. 1928లో ఆయన లారా కాపోన్ అను యూదు యువతిని వివాహమాడెను.

1932లో ఇంగ్లండులో చాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. 1934 ఆరంభమున పారిసులో జోలియో క్యూరీ దంపతులు ఆల్ఫా కణములతో అల్యూమినియమును తాడించి కృత్రిమ రేడియో ధార్మికతను సాధించిరి. ఈ వార్త వినగానే ఫెర్మికి ఒక ఆలోచన తట్టెను. ఆల్ఫా కణమునకు ధనావేశము కలదు, కేంద్రకమునకును ధనావేశమే. కావున బరువైన కేంద్రకములు ఆ కణమును దరిచేరనీయక నెట్టివేయును. న్యూట్రానునకు ఆవేశము లేదు. దానికి ఏ కోట తలుపైనను తెరచియే యుండును. అట్లయినచో న్యూట్రానులతో అన్ని మూలకములను తాడించి చూచినచో ఏమగును?

పరికరములు కొనుటకు ధనము చాలదు. గైగరు లెక్కింపు గొట్టములను ఫెర్మి స్వయముగా తయారుచేసికొనెను. అదే భవనములో ప్రజారోగ్యశాఖవారి అధీనమున ఒక గ్రాము రేడియము ఉండెను. దానినుండి వెలువడు రేడాన్ వాయువును చిన్న గాజుగొట్టములో బెరీలియము పొడితో కలిపి మూసినచో అది న్యూట్రానుల నిచ్చు ఊటయగును. ఆవర్తన పట్టికలో మొదటి మూలకమునుండి ప్రారంభించి ఫెర్మి వరుసగా ఒక్కొక్కదానిని పరీక్షించెను. తొలి మూలకములలో ఏ మార్పును కనిపింపలేదు. ఫ్లోరిన్ వంతు వచ్చినప్పుడు లెక్కింపు గొట్టము టకటక మ్రోగెను. అది మొదలు పని వేగముగ సాగెను. ఊటనుండి వచ్చు కిరణములు లెక్కను చెరుపకుండ లెక్కింపు గొట్టమును నడవకు ఆ చివర ఉంచిరి. కొన్ని పదార్థముల ధార్మికత నిమిషములోపలనే అణగిపోవును. అందుచేత తాడింపబడిన ముక్కను చేతబట్టుకొని ఆచార్యుడును శిష్యుడును నడవ పొడవునా పరుగు పందెము వేయుచుండిరి. ఇంచుమించు 60 మూలకములు పరీక్షింపగా 40 మూలకములవరకు ధార్మికతను చూపెను.

ఈ పరంపరలో చివరిది యురేనియము. దానిని తాడింపగా పెక్కు కొత్త ధార్మికతలు కానవచ్చెను. యురేనియము న్యూట్రానును పట్టుకొని 93వ మూలకముగా మారినదని ఫెర్మి బృందము తలచెను. జర్మనీలో ఇదా నొడాక్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు, కేంద్రకమే ముక్కలై యుండవచ్చునుగదా అని అదే యేట వ్రాసెను. ఆ మాటను రోములోనే కాదు, ఎక్కడను ఎవరును చెవిని పెట్టలేదు. పిమ్మటి ప్రయోగములలో యురేనియముయొక్క సహజ కిరణములను ఆపుటకై దానిపై పలుచని అల్యూమినియము రేకు కప్పిరి. పగిలిన కేంద్రకపు ముక్కలను సైతము ఆ రేకు ఆపివేసెను. ఒక్క రేకు తీసియుంచినచో 1938లో బెర్లినులో వెల్లడియైన సత్యము అంతకు మూడు నాలుగేండ్ల పూర్వమే రోములో వెల్లడియయ్యెడిది. ముస్సోలినీ, హిట్లరు రాజ్యమేలుచున్న ఆ కాలమున ఆ రహస్యము దాగియుండుటయే లోకమునకు మేలు చేసినదని తరువాత అనేకులు తలచిరి.

1934 అక్టోబరులో అంతకంటె ముఖ్యమైన సంఘటన జరిగెను. ఒకే వెండిముక్కను చలువరాతి బల్లపై తాడించినప్పటికంటె కొయ్యబల్లపై తాడించినప్పుడు ధార్మికత అధికమగుచున్నదని అమాల్దీ, పోంతెకోర్వో గమనించిరి. బల్లకును వెండికిని సంబంధమేమి? అక్టోబరు 22వ తేదీన ఫెర్మి ఊటకును వెండికిని నడుమ సీసపుదిమ్మె ఉంచుటకు సిద్ధపడి, ఏమి తోచెనో దానిని ప్రక్కనబెట్టి పారఫిను మైనపు ముక్కను ఉంచెను. ధార్మికత ఎన్నోరెట్లు పెరిగెను. అందరును విస్తుపోయిరి. మధ్యాహ్న భోజనమునకు పోయి వచ్చులోపల ఫెర్మి కారణమును ఊహించెను. మైనములో హైడ్రోజను విస్తారముగ కలదు. హైడ్రోజను కేంద్రకమును న్యూట్రానును దాదాపు సమానమైన బరువు గలవి. గోళీ మరియొక సమానమైన గోళీని కొట్టినప్పుడు తన వేగమును దానికి పంచియిచ్చి తాను నెమ్మదించునట్లే, న్యూట్రాను అనేక హైడ్రోజను కేంద్రకములకు తగిలి మందగమనయగును. మెల్లగ నడచు న్యూట్రాను కేంద్రకమునొద్ద ఎక్కువ సేపు నిలుచును. కావున సులభముగ పట్టుబడును. నీటిలోను హైడ్రోజను కలదుగదా అని ఆ సాయంకాలమే తోటలోని చేపల నీటితొట్టిలో ప్రయోగము చేయగా ఊహ నిజమని తేలెను. ఆ రాత్రి అమాల్దీ ఇంట చేరి వ్యాసము వ్రాయునప్పుడు వారు చేసిన కోలాహలమునకు, ఈ పెద్దమనుష్యులు త్రాగియున్నారా అని పనిమనిషి అడుగవలసి వచ్చెను.

అప్పటినుండి కొలుచుటయే ఫెర్మికి నిత్యకృత్యమయ్యెను. ఈ కొలత ఎట్టిదో విద్యార్థులు తెలిసికొనదగినది. ఒక గోడమీద గుండ్రని గురులు వ్రేలాడదీసి కన్నులు మూసికొని రాళ్లు రువ్వుచున్నా మనుకొందము. ఎన్ని రాళ్లు గురికి తగిలినవో లెక్కించినచో గురి వైశాల్యమును చెప్పవచ్చును. కేంద్రకమునకును అట్లే ఒక గ్రహణవైశాల్యమును ఆపాదింతురు. అది కేంద్రకముయొక్క నిజమైన పరిమాణము కాదు. న్యూట్రానును పట్టుకొను శక్తికి కొలమానము. చదరపు సెంటీమీటరును 1 ప్రక్కన 24 సున్నలు గల సంఖ్యతో భాగింపగా వచ్చు వైశాల్యము దీనికి ప్రమాణము. కేంద్రకములకు అదియే విశాలమైన గాదె వంటిదని పరిహాసముగ తలచి అమెరికా శాస్త్రజ్ఞులు 1942లో దానికి బార్న్, అనగా ధాన్యపు కొట్టము, అని పేరు పెట్టిరి. మెల్లని న్యూట్రానుల విషయమున కర్బనపు గ్రహణవైశాల్యము ఒక బార్న్‌లో వేయింట నాలుగవ పాలును నిండదు. కాడ్మియమునకు అది రమారమి 2,500 బార్నులు. ఒకటి న్యూట్రానులను పోనిచ్చును, మరియొకటి మ్రింగివేయును. ఈ భేదమును ఎరిగినవాడే న్యూట్రానులను ఆడించగలడు.

1938లో ఇటలీ ప్రభుత్వము యూదులకు వ్యతిరేకముగ చట్టములు చేసెను. లారాకు, పిల్లలకు ప్రమాదము ఏర్పడెను. అదే యేట ఫెర్మికి నోబెల్ బహుమానము లభించెను. బహుమానము అందుకొను నెపమున ఆయన కుటుంబముతో డిసెంబరులో స్టాక్‌హోమునకు పోయి, అక్కడినుండి తిరిగి రాక 1939 జనవరి 2వ తేదీన న్యూయార్కు రేవున దిగెను. ఆ రోజులలోనే హాన్, స్ట్రాస్‌మన్‌లు యురేనియమునుండి బేరియమును కనుగొనుటయు, లీజె మైట్నర్, ఫ్రిష్‌లు దానిని కేంద్రక విచ్ఛిత్తిగా వివరించుటయు జరిగెను. తాను కొత్త మూలకమని చెప్పి బహుమానోపన్యాసమున పేరుతో సహా ప్రస్తావించినది విచ్ఛిత్తి ఫలమని ఫెర్మికి తెలిసెను. ఆయన దానిని దాచక, అచ్చగు ఉపన్యాసమునకు అధోజ్ఞాపిక చేర్చి సరిదిద్దెను.

కేంద్రకము పగిలినప్పుడు కొత్త న్యూట్రానులు వెలువడును. అవి మరికొన్ని కేంద్రకములను పగులగొట్టినచో శృంఖలా చర్య సాగును. అయితే ఆ న్యూట్రానులను దారిలో ఎవరును మ్రింగరాదు. కొలంబియా విశ్వవిద్యాలయమున ఫెర్మి, సిలార్డ్ గ్రాఫైటు ఇటుకలు పేర్చి, అది ఎన్ని న్యూట్రానులను హరించునో కొలిచిరి. గ్రాఫైటు తగినదేయని తేలెను. సిలార్డ్ పట్టుబట్టుటచే ఆ అంకెలను ప్రకటింపలేదు. జర్మనీలో బోతే అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1941లో అదే కొలత చేసి, గ్రాఫైటు పనికిరాదను తప్పు నిర్ణయమునకు వచ్చెను. జర్మనులు భారజలము కొరకు ప్రాకులాడవలసివచ్చినది. ఒక చిన్న అంకెలోని తప్పొప్పులు యుద్ధగతిపై ఎట్టి ప్రభావము చూపునో దీనివలన తెలియగలదు.

1942 నవంబరులో షికాగో విశ్వవిద్యాలయ క్రీడారంగపు మెట్లక్రింద, స్క్వాష్ ఆటగదిలో గ్రాఫైటు దిమ్మెలను, యురేనియమును 57 వరుసలుగా పేర్చిరి. డిసెంబరు 2వ తేదీ ఉదయమున కాడ్మియపు కడ్డీలను మెల్లమెల్లగ లాగుచు, ప్రతి లాగుటకును ఎంత మార్పు వచ్చునో ఫెర్మి తన గణనఫలకముపై ముందుగానే లెక్కించి చెప్పుచుండెను. భద్రతకై అమర్చిన కడ్డీ ఒకటి తనంత తాను జారి పడగా అందరును ఉలికిపడిరి. ఫెర్మి మాత్రము తొణకక, భోజనవేళయైనదని చెప్పి అందరిని పంపెను. మధ్యాహ్నము మూడున్నర ప్రాంతమున శృంఖలా చర్య తనంత తాను సాగజొచ్చెను. మానవుడు పరమాణుశక్తిని కళ్లెము వేసి నడపుట అదియే మొదలు. 28 నిమిషముల పిమ్మట దానిని ఆపించెను. అప్పుడు వెలువడిన శక్తి అర వాటు మాత్రమే.

యురేనియము 238 న్యూట్రానును పట్టుకొని, రెండు మార్పులు చెంది ప్లుటోనియము 239 అగును. బాంబునకు కావలసినది ఇదియే. కాని పట్టుకొనుట అంతటితో ఆగదు. ప్లుటోనియము 239 మెల్లని న్యూట్రానును గ్రహించిన ప్రతి నాలుగు పర్యాయములలో ఇంచుమించు మూడు పర్యాయములు పగులును; తక్కిన ఒక పర్యాయము పగులక ప్లుటోనియము 240 అగును. అదియు ఒక న్యూట్రానును పట్టుకొనినచో 241, ఆపై 242 అగును. ఒకే మూలకమునకు చెందియు బరువులో భేదించు ఈ సోదరులనే ఐసోటోపులందురు. ఇందు 239, 241 సులభముగ పగులును. 240, 242 మెల్లని న్యూట్రానులకు పగులక వాటిని మ్రింగును. 1944లో లాస్ ఆలమోస్‌లో ఫెర్మి పూర్వశిష్యుడైన సెగ్రే రియాక్టరునుండి వచ్చిన ప్లుటోనియమును పరీక్షింపగా, అందు 240 తనంత తాను పగులుచు న్యూట్రానులను వెదజల్లుచుండెను. ఫిరంగిలోవలె ఒక ముక్కను మరియొకదానిపైకి కాల్చు బాంబు సకాలమునకు ముందే పేలి వ్యర్థమగునని తేలెను. ఆ జూలైలో ఆ పథకమును పూర్తిగ విడిచి, అన్ని వైపులనుండి ఒత్తి పేల్చు కొత్త పద్ధతికి పూనుకొనవలసి వచ్చెను.

అదే యేట సెప్టెంబరులో హాన్‌ఫర్డ్ వద్ద నిర్మించిన మహారియాక్టరు నడక ప్రారంభించిన కొన్ని గంటలకే క్షీణించి ఆగిపోయెను. కొంతకాలమునకు మరల లేచెను. ఈ లేచుట, పడుట ఎంతెంత కాలమున జరుగుచున్నవో చూచి, దాదాపు తొమ్మిది గంటల అర్ధాయువు గల జీనాన్ 135 ఈ దొంగయని ఫెర్మి, వీలర్ గ్రహించిరి. దాని గ్రహణవైశాల్యము లక్షల బార్నులు. ఇంజనీర్లు ముందుచూపుతో అదనపు గొట్టములు అమర్చియుండుటచే వాటిలోను యురేనియము నింపి రియాక్టరును బ్రతికించిరి.

1945 జూలై 16వ తేదీ తెల్లవారుజామున న్యూ మెక్సికో ఎడారిలో మొదటి ప్లుటోనియపు బాంబు పేలెను. పదిమైళ్ల దూరమున నిలిచిన ఫెర్మి చిన్న కాగితపు ముక్కలను జారవిడిచి, వాయుతరంగము వాటిని రెండున్నర మీటర్లు త్రోయగా చూచి, ఆ ప్రేలుడు పదివేల టన్నుల మందుగుండునకు సమానమని అంచనా వేసెను. నిజమైన విలువ దానికి రెట్టింపు. జపానుపై బాంబు వాడకమునకు ప్రత్యామ్నాయము కనిపించుటలేదని తెలిపిన నలుగురు శాస్త్రజ్ఞుల సంఘములో ఆయన ఒకడు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి దగ్ధమయ్యెను. నాగసాకిపై పడినది ప్లుటోనియమే. ఈ భారమును ఫెర్మి మాటలలో వెలిపుచ్చినది స్వల్పము. కాని 1949లో జలజని బాంబును గూర్చి ప్రభుత్వము సలహా కోరినప్పుడు, ఆయనయు రాబీయు కలసి, అట్టి ఆయుధము ఏ విధముగ చూచినను పాపమేయని వ్రాసియిచ్చిరి. అధ్యక్షుడు ఆ సలహాను త్రోసిపుచ్చెను. పిమ్మట ఫెర్మి ఆ బాంబు లెక్కలకు తోడ్పడుటయు జరిగెను. ఈ వైరుధ్యమును దాచి ఆయనను స్తుతించుటయు, దానినే పట్టుకొని నిందించుటయు సమంజసము కాదు.

యుద్ధానంతరము ఆయన షికాగోలో అధ్యాపకుడుగ స్థిరపడెను. ఆర్గాన్ ప్రయోగశాలలో కాడ్మియము, అల్యూమినియము రేకులను పొరలుగా చుట్టిన స్తూపమును త్రిప్పుచు, న్యూట్రానులను తెరలుతెరలుగా వదలి, అవి గమ్యము చేరుటకు పట్టు కాలమునుబట్టి వేగమును నిర్ణయించు యంత్రమును నడపెను. వేగమునుబట్టి గ్రహణశక్తి ఎట్లు మారునో దీనివలన తెలియును. ప్లుటోనియపు ఐసోటోపుల గ్రహణశక్తిని తరువాతివారు సూక్ష్మముగ కొలిచినదియు ఈ కాలగమన సూత్రముతోనే. 1953లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన చంద్రశేఖర్‌తో కలసి నక్షత్రసముదాయములలోని అయస్కాంత క్షేత్రములను గూర్చి వ్యాసములు వ్రాసెను. బోధనయందు ఆయనకు మిక్కిలి ప్రీతి. షికాగో నగరమున పియానోలు సవరించువారు ఎందరుందురు వంటి ప్రశ్నలు వేసి, తెలిసిన కొద్ది సంగతులనుండియే అంచనాకు వచ్చు నేర్పును శిష్యులకు అలవరచెను. ఆయనయొద్ద పరిశోధన చేసిన లీ, చాంబర్లేన్ తరువాత నోబెల్ బహుమానములు పొందిరి.

1954 శరత్కాలమున ఆయన ఉదరమున నయముకాని పుండు ఉన్నట్లు వైద్యులు కనుగొనిరి. ఆసుపత్రి మంచముపై పరుండి, గొట్టముద్వారా తనకెక్కించు ఆహారపు బొట్లను గడియారము చేతబట్టి లెక్కించుచు దాని ప్రవాహమును కొలుచుచుండగా సెగ్రే చూచెను. నవంబరు 28వ తేదీన, 53 ఏండ్ల వయస్సున ఫెర్మి కన్నుమూసెను.

అంతకు రెండేండ్ల ముందు, 1952 నవంబరు 1న, పసిఫిక్ సముద్రములోని ఎనివెటాక్ దీవిపై మొదటి జలజని బాంబును పరీక్షించియుండిరి. దాని ధూళిలో శాస్త్రజ్ఞులు 100వ మూలకమును కనుగొనిరి. ఆ ప్రేలుడులో, రెప్పపాటులో వేయవవంతుకన్న తక్కువ కాలమున, యురేనియము 238 వరుసగా 17 న్యూట్రానులను పట్టుకొనుటచే అది పుట్టెను. న్యూట్రానును పట్టుకొనుటవలన కొత్త మూలకము పుట్టునని 1934లో ఫెర్మి కన్న కల అట్లు నిజమయ్యెను. అది నిజమైనది మాత్రము ఆయన వలదని వ్రాసిన ఆయుధపు బూడిదలో. 1955లో ఆ మూలకమునకు ఫెర్మియము అని పేరు పెట్టిరి.